పిల్లర్ మీది గీతలు

గరాజ్ పక్క తలుపు తాళం పగిలి ఉంది. పగలగొట్టడానికి బయటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. ఆ సంగతి కౌసల్యకు మొదటి నిమిషంలోనే తెలిసింది. పైకి అనలేదు. గడియారం చూసుకుంది. పన్నెండూ నలభై.

నాలుగింటిలోపు తేలాలి.

నాలుగింటికి ప్యారమాటాలో ఒక లాయరు ఆఫీసులో ఫహ్మీదా ఒక కాగితం మీద సంతకం పెట్టబోతోంది. తన భర్త యాసిర్‌ను ఇరాక్‌లోని నాఊరా అనే ఊరి జనం కొట్టి చంపారని, అది తాను ఒప్పుకుంటున్నానని ఆ కాగితంలో ఉంది. సంతకం పెడితే, అక్కడ కాపలా కాసిన సెక్యూరిటీ కంపెనీ దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉన్న యాసిర్ పెట్టె ఆమె చేతికి ఇస్తారు. బట్టలు, కళ్ళజోడు, ఆమె రాసిన ఉత్తరాలు ఉన్నాయట అందులో.

ఫహ్మీదాది నంద్యాల. వెస్ట్‌మీడ్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. పెళ్ళయిన ఎనిమిది నెలలకు ఇంజనీరు మొగుడు ఇరాక్ పోయాడు. మళ్ళీ రాలేదు. శవమూ రాలేదు. రెండో పెళ్ళి మాట ఎవరెత్తినా లేచి వెళ్ళిపోయేదట. సోమవారం కౌసల్యను కలిసినప్పుడు అడిగింది ఒక్కటే.

"ఇరవై ఏండ్లయినాక చొక్కాలో మనిషి వాసన ఉంటాదాక్కా?"

కౌసల్య కేసు తీసుకుంది. ఆమెది ఒంగోలు. సిడ్నీ వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇన్సూరెన్స్ ఉద్యోగం మానేసి, లైసెన్సు తీసుకుని, ఎనిమిదేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తోంది. మాట తక్కువ.

నాఊరా సంగతి ఇది. పరాయి సైన్యం వచ్చిన ఏడాది ఆ ఊరి నీళ్ళ పంపుహౌసు బాంబుకు కూలింది. సైన్యం ఊళ్ళోనే మకాం పెట్టింది. పంపుహౌసు తిరిగి కట్టిస్తామంది. కట్టడానికి వెళ్ళినవాళ్ళలో యాసిర్ ఒకడు. పని మూడుసార్లు మొదలై మూడుసార్లు ఆగింది. ఊరి పనికి వచ్చిన సిమెంటు క్యాంపు గోడలకు పోయింది. జనం రెండేళ్ళు మురుగు నీళ్ళు తాగారు. పసిపిల్లలు విరేచనాలతో పోయారు. రోజూ పొద్దున ఖాళీ క్యాన్లు పట్టుకొచ్చి గేటు ముందు నిలబడి వాటిని కర్రలతో కొట్టేవాళ్ళు. 2005 జూలై తొమ్మిదిన గేటు దగ్గర కాల్పులు జరిగాయి. ఊరివాళ్ళు ఐదుగురు చనిపోయారు.

ముందు జనమే ఇంజనీరును చంపారు, అందుకే కాల్చాల్సి వచ్చింది. సైన్యమూ, సైట్‌కు కాపలా ఉన్న సెక్యూరిటీ కంపెనీయూ అలా రాసుకున్నాయి. ఊరివాళ్ళు కాదన్నారు. తొమ్మిదో తేదీ తర్వాత కూడా ఇంజనీరు బతికే ఉన్నాడన్నారు. రుజువు లేదు. ఇప్పుడా ఐదుగురి కుటుంబాలు కంపెనీ మీద కేసు వేశాయి. కంపెనీ ఆఫీసు సిడ్నీలో ఉంది కాబట్టి కేసు కూడా ఇక్కడే. భార్యే సంతకం పెడితే ఆ కేసు అక్కడితో సరి.

నిన్న పొద్దున కౌసల్య జబ్బార్‌ను కలిసింది. ఆ ఊరివాడు, ఇక్కడ బస్సు డ్రైవరు. చనిపోయిన ఐదుగురిలో ఒకరు అతని అక్క. అతను కోపంగా మాట్లాడలేదు. సైన్యం వెళ్ళిపోయింది, నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు అన్నాడు. పిల్లర్లు అలాగే నిలబడ్డాయి, వాటి నీడలో మేకలు పడుకుంటాయి అన్నాడు. ఆ నీడను కూడా ఒక్కసారి చూడాలని ఉందన్నాడు. అతను చెప్పిందంతా ఫహ్మీదాకు చెబితే ఆమె నమ్మలేదు. తప్పు చేసినోళ్ళు ఒప్పుకుంటారాక్కా అంది.

ఆ కుటుంబాల లాయరు ఇచ్చిన కంపెనీ ఫైలు నకలులో యాసిర్ ఫోటో ఒకటుంది. గోనెపట్టా చుట్టిన పిల్లర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. కొంచెం నవ్వుతున్నాడు. కింద రాసి ఉంది: చివరి ఫోటో, జూలై తొమ్మిది, ఉదయం తొమ్మిదీ పదిహేను. పదీ నలభైకి జనం గేటు విరగ్గొట్టారని, అందులో ఇంజనీరు పోయాడని సాక్షి సంతకం. సాక్షి పేరు లక్ష్మీనారాయణ, మేస్త్రి.

ఆ మేస్త్రి ఇల్లే ఇది. క్వేకర్స్ హిల్. లక్ష్మీనారాయణకు అరవై ఆరేళ్ళు. పాలమూరు మనిషి. ఇరాక్ తర్వాత దుబాయ్, అక్కణ్ణుంచి ఇక్కడికి. ఇప్పటికీ చిన్న చిన్న కాంక్రీటు పనులు చేస్తాడు. మొన్న సాయంత్రం ఫోన్ చేస్తే, నాఊరా ఫోటోలు ఒక కవరులో ఉన్నాయి, వచ్చి చూసుకోమన్నాడు. నిన్న మూడింటికి తనే ఫోన్ చేసి, కవరు దొంగలెత్తుకుపోయారన్నాడు.

"ఎన్నింటికి బయటికెళ్ళారు మేస్త్రి గారూ?"

"ఒంటిగంటా పదికి. సామాను తేనీకి పోయిన. రెండు నలభైకి ఒచ్చిన. చూస్తే తాళం పల్గి ఉన్నది. కవరు లేదు. గంతే."

"ఇంకేమన్నా పోయిందా?"

"ఏం పోలే."

గరాజ్‌లో బల్ల మీద కటింగ్ మిషను, డ్రిల్లు, కొత్త లేజర్ లెవెల్ వరసగా ఉన్నాయి. దొంగ వాటి వంక చూడలేదు. ముందు వైపు షట్టర్ రిమోట్‌తో తప్ప లేవదు. రిమోట్ మేస్త్రి వ్యానులో ఉంది. వ్యాను మేస్త్రితో వెళ్ళింది. వంటగదిలోకి ఒక తలుపుంది, కానీ ఇంటి తాళాలు చెక్కుచెదరలేదు. మిగిలింది ఈ పక్క తలుపు.

పక్క తలుపుకు వెళ్ళే సందు నాలుగడుగుల వెడల్పు. ఒక వైపు గోడ, ఇంకో వైపు ఎత్తైన కంచె. ఆ గోడకూ ఈ కంచెకూ మధ్య కొత్తగా కాంక్రీటు పోసి ఉంది. కౌసల్య ఒంగి చూసింది. తాపీతో నునుపు చేసిన పని. మధ్యలో మూడు వేళ్ళ పిట్ట కాళ్ళ గుర్తులు, ఎనిమిది.

ఎప్పుడు పోశారని అడిగింది. నిన్ననే, పన్నెండింటికి ముగించానన్నాడు. చలికాలం కదా, ఎప్పటికి గట్టిపడుతుందని అడిగింది. సందెవేళ దాకా మెత్తగనే ఉంటదన్నాడు. అని ఆగిపోయాడు.

కౌసల్య పిట్ట గుర్తుల వైపు చూపించింది.

"పిట్ట దిగితేనే ఇంత గుర్తు పడింది. దొంగ ఎగిరొచ్చాడా?"

మేస్త్రి చేతి వేళ్ళకు అంటిన ఎండు సిమెంటును గోరుతో గీకుతూ నిలబడ్డాడు. తాళం మీద సుత్తి దెబ్బలు నాలుగున్నాయి. తలుపు చెక్క మీద ఒక్క గీటు లేదు. తాళం విప్పి, కింద పెట్టి, కొట్టి, మళ్ళీ తగిలించిన పని. కౌసల్య అది కూడా చెప్పలేదు. మనిషి సిగ్గుపడుతున్నప్పుడు ఇంకో మాట అనడం ఆమెకు ఇష్టం ఉండదు.

వీధిలో కారు ఆగింది. ఒంటిగంటా ఇరవై.

దిగినవాడు సంజయ్. కంపెనీ లాయర్ల తరఫున ఆరా తీసే ఏజెంటు. ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పుడే ఇక్కడికొచ్చి ఇక్కడే చదివాడు. మూడు కేసుల్లో కౌసల్యకు ఎదురు నిలిచాడు. రెండు గెలిచాడు.

"కౌసల్యాంటీ, లంచ్‌కి వచ్చారా? అంకుల్ వంట బాగుంటుందా?"

"వంట చూడలేదు. పని చూస్తున్నా."

"అంకుల్ మా విట్‌నెస్ ఆంటీ. ఇలా ఇంటికొచ్చి ప్రెషర్ చెయ్యడం నాట్ ఫెయిర్. ఈ ఆఫ్టర్‌నూన్ నాలుగింటికి అంతా క్లోజ్ అయిపోతుంది. మీరెందుకు శ్రమపడటం?"

తర్వాత మేస్త్రి వైపు తిరిగి మర్యాదగానే చెప్పాడు. 2005లో పెట్టిన సంతకం అలాగే ఉందని, ఇప్పుడు మాట మారిస్తే అప్పుడు అబద్ధం చెప్పినట్టవుతుందని, ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకని. గొంతు పెంచలేదు. ఆ మాటలు ఇంతకుముందు కూడా విన్నట్టు మేస్త్రి తల వంచుకున్నాడు.

కౌసల్య అది గమనించింది.

"నిన్న ఎన్నింటికొచ్చావు సంజయ్?"

"నిన్నా? నిన్న ట్రుగనీనాలో ఉన్నా. మెల్‌బోర్న్. రాత్రి ఫ్లైట్‌కి వచ్చా."

"ఎడమ షూ చూసుకో."

చూసుకున్నాడు. నల్ల తోలు షూ. అంచు కుట్టు వెంబడి బూడిద రంగు చారిక ఎండి ఉంది.

"సైట్స్‌కి తిరుగుతాం ఆంటీ. ఎక్కడో అంటుకుంటుంది."

"ఇక్కడే అంటుకుంది. వీధి వైపు అంచున చూడు. మిగతాదంతా ఒక్క చేత్తో లాగిన నునుపు. అక్కడ అడుగు మేర తాపీ రెండోసారి పడింది. ఎవరో పచ్చి కాంక్రీటులో కాలు పెడితే మేస్త్రి గారు మళ్ళీ చదును చేశారు. పన్నెండు దాటాక, ఒంటిగంటా పది లోపల. నువ్వొచ్చావు, బెదిరించావు, వెళ్ళావు. ఆ తర్వాతే కవరు పోయింది."

సంజయ్ నవ్వాడు. "బెదిరించడం కాదు, అడ్వైజ్. సరే, వచ్చా. కవరు మాత్రం నేను తియ్యలేదు."

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసు."

మేస్త్రి ఆ మాటకు తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు. నీళ్ళు కొట్టే టైమైంది అని గొణిగి, బకెట్ తీసుకుని ముందు వైపు వెళ్ళాడు. అక్కడ పోస్టుబాక్సు కోసం కొత్తగా పోసిన చిన్న పిల్లర్ ఉంది. దానికి గోనెపట్టా చుట్టి తాడుతో కట్టాడు. మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి మెల్లగా పోశాడు. పసిబిడ్డకు తల స్నానం చేయించినట్టు ఒక చెయ్యి అడ్డం పెట్టి పోస్తున్నాడు. ఈ దేశంలో కాంక్రీటు మీద తడి ఆరకుండా ఏదో మందు కొట్టి వదిలేస్తారు. గోనెపట్టా కట్టి రెండు పూటలా నీళ్ళు పోసేవాళ్ళను కౌసల్య ఇక్కడ చూడలేదు.

గోనెపట్టా అంచు కింద, పిల్లర్ పాదం దగ్గర పెన్సిల్ గీతలు నిలువుగా నాలుగున్నాయి.

ఆమెకు ఫోటోలోని గోనెపట్టా గుర్తొచ్చింది. సంచిలోని ఫైలు తియ్యలేదు. ముందు అడగాలి. చూపించి అడిగితే జవాబు చెడిపోతుంది.

"ఈ గీతలెందుకు మేస్త్రి గారూ?"

"లెక్కకు. నాకు సద్వు రాదు గద. పద్నాల్గు దినాలు నీళ్ళు గొట్టాలె. మర్సిపోకుంట సందెనీళ్ళు గొట్టినంక ఒక గీత. మా నాయిన గట్లనే నేర్పిండు."

"పోసిన రోజు కూడా గీత పెడతారా?"

"పోసిన దినం నీళ్ళెట్ల గొడ్తరమ్మా? తెల్లారి సందె కాడికెల్లి మొదలు."

"ఎప్పుడన్నా ఒకే రోజు రెండు గీతలు పెట్టారా?"

మేస్త్రి చిన్నబుచ్చుకున్నాడు. "ఎందుకు పెడ్త? నన్ను నేనే మోసం జేస్కుంటనా? ఎవ్వరు సూడకున్న పిల్లర్ సూస్తది. ఏ దేశంల జేసినా గంతే."

"నాఊరాలో కూడా?"

"గాడ గూడ."

అప్పుడు తీసింది ఫోటో. భూతద్దం కూడా తీసింది. యాసిర్ మోకాలి పక్కన, గోనెపట్టా కింద నల్లటి గీకుళ్ళు. మూడు నెలలుగా లాయర్లు ఆ ఫోటో చూస్తున్నారు. తనూ నాలుగు రోజులుగా చూస్తోంది. సిమెంటు గీరుకుందనే అనుకుంది. ఇప్పుడు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. తర్వాత భూతద్దం సంజయ్ చేతికిచ్చింది.

"ఎన్ని?"

అతను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "పది."

"ఇదే ఫైలులో ముప్పై ఒకటో పేజీ. పిల్లర్ పోసిన కార్డు. కంపెనీ ముద్ర ఉంది. తేదీ చదువు."

"జూలై రెండు."

"మూడో తేదీ సందెకు మొదటి గీత. తొమ్మిదో తేదీ పొద్దున తొమ్మిదింబావుకు ఎన్నుండాలి? ఆరు. పది ఉన్నాయంటే పన్నెండో తేదీ సందెనీళ్ళు పోసేశారు. చచ్చిపోయాడన్న మనిషి మూడు రోజుల తర్వాత చేతులు తడుపుకుని నవ్వుతున్నాడు."

సంజయ్ గీతలు కోర్టులో నిలబడవన్నాడు. కూలి మేస్త్రి గీసుకున్న గీతలు అన్నాడు. కౌసల్య ఒప్పుకుంది. గీతలు ఒక్కటే నిలబడవు. కార్డు మీ కంపెనీదే, ఫోటో మీ కంపెనీదే, ఫోటో కింద తేదీ రాసింది కూడా మీ కంపెనీయే, నేను ఒక్క కాగితం కూడా తేలేదు అంది. తర్వాత ఇంకో మాట అడిగింది.

"ఈ ఫోటో మీకెలా వచ్చింది?"

"ఇంజనీర్ కెమెరాలోది. జూలై తొమ్మిదిన సైట్‌లో దొరికిందని ఉంది."

"తొమ్మిదిన దొరికిన కెమెరాలోకి పన్నెండో తేదీ ఫోటో ఎలా వచ్చింది?"

సంజయ్ ఫైలు మూసి ఇచ్చేశాడు. ఇప్పుడతని మొహంలో ఆంటీని ఆటపట్టించే కుర్రాడు లేడు.

"నాకు ఫైల్ ఇచ్చారు. నేను చదివా. అంతవరకే నా పని."

"నువ్వు చదివింది అబద్ధం."

"అది నేను తేల్చను ఆంటీ. మిస్టర్ కెల్మన్‌కి చెప్పాలి. నా డ్యూటీ అది."

కెల్మన్ కంపెనీ డైరెక్టరు. సంజయ్ ఫోన్ చెవిన పెట్టుకునే కారెక్కాడు. ఒంటిగంటా యాభై ఐదు.

కారు మలుపు తిరిగేదాకా మేస్త్రి బకెట్ పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి పోయి కవరు తెచ్చి కౌసల్య చేతిలో పెట్టాడు. మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె కూడా పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగకపోతేనే చెప్పే మనిషి అని ఆమెకు అర్థమైంది.

మేస్త్రి అంతా చెప్పడానికి అరగంట పైన పట్టింది.

తొమ్మిదో తేదీ జనం వచ్చిన మాట నిజం. రోజూ వచ్చినట్టే క్యాన్లు కొట్టుకుంటూ వచ్చారు. గేటు విరగలేదు. కాల్పులు లోపలి నుంచి మొదలయ్యాయి. యాసిర్ తల మీది హెల్మెట్ తీసి పారేసి బయటికి పరిగెత్తాడు. పడిపోయిన ఒకామెను భుజాన వేసుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. మూడు రాత్రులు రాలేదు. చచ్చిపోయాడనే లోపలివాళ్ళంతా అనుకున్నారు. కంపెనీ ఆ రోజే కాగితం రాసేసింది.

పన్నెండో తేదీ మధ్యాహ్నం ఏటి వైపు నుంచి వచ్చాడు. వెనక ఊరి పెద్దలు నలుగురు, ఆడవాళ్ళు, పిల్లలు. సైన్యం అవతలి గేటు దగ్గరే ఉంది, ఇటు చూడలేదు. యాసిర్ మేస్త్రితో అన్నాడట, ఇంక సిపాయిలు వద్దు, ఊరే కాపలా కాస్తుంది, మనం మిగతా పిల్లర్లు లేపుదాం అని. పిల్లర్లకు నీళ్ళు కొట్టడానికి మోటారు లేదు. ఊరివాళ్ళు ఏటి నుంచి క్యాన్లతో మోశారు.

"తాగనీకి నీళ్ళు లేనోళ్ళమ్మా. పిల్లర్‌కు మోసిండ్రు. రెండేండ్లు మమ్ముల తిట్టుకుంట కొట్టిన క్యాన్లు గవే. ఒక ముసలామె నీళ్ళు పోసి పిల్లర్‌ను చేత్తోని తడిమింది. నా జిందగీల అసొంటి సందె మల్ల రాలే. యాసిర్ సాబ్ కెమెరా నాకిచ్చి, దియ్యి లక్ష్మన్నా, మా ఇంటామెకు పంపాలె అన్నడు. తీసిన. అదే గా ఫోటో."

పదమూడో తేదీ తెల్లవారుజామున ఐదూ నలభైకి కాపలా కంపెనీ వ్యాను వచ్చింది. ముగ్గురు. మొహాలకు గుడ్డలు, నల్ల కళ్ళద్దాలు. యాసిర్ మొహం కడుక్కుంటున్నాడు. ఒకడే మాట్లాడాడు. పది నిమిషాల పని, వచ్చేస్తావు అన్నాడు. యాసిర్ తువాలు మేస్త్రికి ఇచ్చి ఎక్కాడు. కెమెరా మెడలోనే ఉంది. పద్నాలుగున మేస్త్రితో సంతకం పెట్టించి, అదే రోజు విమానం ఎక్కించారు.

"మొకం సూడలే. గొంతిన్న. ఇరవై ఏండ్ల సంది గా గొంతే ఇనొస్తది. పిల్లలకు జెప్పలే, పెండ్లానికి జెప్పలే. గా పిల్ల ఈడనే, వెస్ట్‌మీడ్‌ల ఉన్నదని మొన్న మీరు జెప్తే ఎరుకైంది. మాట ఇచ్చిన. తెల్లారి పిలగాడొచ్చి మాట్లాడేసరికి మల్ల భయమైంది."

కవరులో పదకొండు ఫోటోలున్నాయి, మేస్త్రి సొంత కెమెరాలోవి. ఒకదాంట్లో క్యాన్లు మోస్తున్న జనం. అందరి వెనకాల, నీళ్ళు ఒలకబోసుకుంటూ యాసిర్.

రెండూ నలభైకి కౌసల్య ఫహ్మీదాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. రెండూ యాభైకి మళ్ళీ చేసింది. వార్డుకు చేస్తే, ఎవరో పిలిచారని రెండున్నరకే వెళ్ళిపోయిందన్నారు. ఫోటోలన్నిటినీ ఫోన్‌లోకి తీసి, ఊరి కుటుంబాల లాయరుకు పంపింది. మేస్త్రిని కారెక్కమంది. అతను సిమెంటు అంటిన చెప్పులతోనే ఎక్కాడు. రోడ్డు మీద ఆమె వేగం పెంచింది. కెల్మన్‌కు కబురు అంది ఇప్పటికి గంట దాటింది.

మూడూ పదహారుకు ఫహ్మీదానే ఫోన్ చేసింది. కౌసల్య స్పీకర్ నొక్కింది.

"అక్కా, నీ కాల్స్ చూసినా. బస్సులో ఇనపళ్ళేదు. ముందే రమ్మన్నారని వచ్చినా. పెట్టె తెచ్చి నా ముందర పెట్టినారు. ఇంకా సంతకం చెయ్యలే. పెద్దాయన వస్తాడంట, ఆయన ముందర చెయ్యాలంట."

"చెయ్యొద్దు. విను."

కౌసల్య వరసగా చెప్పింది. తొమ్మిదిన చనిపోలేదు. మూడు రాత్రులు ఊళ్ళో ఉన్నాడు. పన్నెండు సందెకు పిల్లర్‌కు తనే నీళ్ళు పోశాడు. ఫోటో నీ కోసం తీయించుకున్నాడు. పదమూడు తెల్లారి కాపలా కంపెనీవాళ్ళు తీసుకెళ్ళారు. ఊరివాళ్ళు ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు. చూసిన మనిషి నా పక్కనే ఉన్నాడు.

రెండు సిగ్నళ్ళు దాటారు.

"ఆ నాలుగు దినాలు అన్నం తిన్నాడా?" అంది ఫహ్మీదా.

కౌసల్య మేస్త్రి వైపు చూసింది. అతను ఫోన్ మీదికి ఒంగాడు.

"తిన్నడు బిడ్డా. ఊరోళ్ల ఇండ్లల్ల తిన్నడు. ఆఖరి దినం నాతోని తిన్నడు. రొట్టె, ఖర్జూరం. మా ఫహ్మీదా కొర్రన్నం వండితే నువ్వు తినాలె లక్ష్మన్నా అన్నడు."

ప్రతి జూలై తొమ్మిదినా ఆమె ఉపవాసం ఉండేదని కౌసల్యకు తెలుసు. ఆ రోజుల్లో అతను ఎవరి వాకిట్లోనో కూర్చుని తింటున్నాడు. తన పేరు చెప్పుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆమెకు భర్త గురించి వచ్చిన కొత్త కబురు అదే.

"అక్కా," అంది చివరికి. "నాలుగు దినాలు ఎక్కువ బతికినాడు."

"అవును. ఇప్పుడు లేచి బయటికి రా. పన్నెండు నిమిషాల్లో కింద ఉంటా."

అప్పుడే అటు తలుపు తెరుచుకున్న చప్పుడు. మగ గొంతు ఒకటి ఇంగ్లీషులో, నిదానంగా, ఆలస్యానికి క్షమించమంది. ఎక్కువసేపు పట్టదు, పది నిమిషాల పని అంది.

మేస్త్రి చెయ్యి కారు తలుపును పట్టుకుంది. అతను కౌసల్య వైపు చూడలేదు.

"గీ గొంతే," అన్నాడు. "గా తెల్లారిది గీ గొంతే."

స్పీకర్‌లో ఆ మాట అటు ఎంతవరకు వినిపించిందో తెలియదు. ఫహ్మీదాకు వినిపించింది. సరేక్కా అని మెల్లగా అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. బల్ల మీద బోర్లా పెట్టినట్టు చప్పుడయింది. లేచి వచ్చేస్తుందని కౌసల్య ఎదురుచూసింది. కుర్చీ జరగలేదు.

తర్వాత ఆమె గొంతు వచ్చింది. ఇంగ్లీషులో, వార్డులో పేషెంటుతో మాట్లాడేంత నెమ్మదిగా.

"కూర్చోండి మిస్టర్ కెల్మన్. మీ వ్యాన్ ఎక్కేదాకా నా భర్త ఏం చేశాడో నాకు తెలిసింది. ఎక్కిన తర్వాతది మీరు చెప్పండి. నేను తొందరలో లేను."

తలుపు గడియ పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. వేసింది కెల్మనో, ఫహ్మీదానో కౌసల్యకు తెలియలేదు.